పెద్దక్క వంశం

అనగనగా ఒక కాలం. ఇనుము ఎర్రగా కాలితే తప్ప ఎవరి మాటా వినని కాలం. ఇప్పుడు మాత్రం వింటుందా అని అడగకండి, కథ మొదట్లోనే అడ్డురాకూడదు. ఆ కాలంలో పసుపుకోట అనే ఊరు ఉండేది. ఆ ఊరిని జయభూపాలుడనే రాజు ఏలేవాడు.

జయభూపాలుడు మంచివాడే. ప్రజలను ఏడిపించాలని ఏనాడూ అనుకోలేదు. కానీ ఆయనకు రెండు పట్టుదలలు ఉండేవి. ఆడిన మాట తప్పకూడదన్నది ఒకటి. తన పేరు చిరకాలం నిలిచిపోవాలన్నది రెండోది. మొదటిది మంచి గుణమే. రెండోది వచ్చి మొదటిదాని భుజం మీద చెయ్యి వేసినప్పుడే చిక్కు. మన కథలో వచ్చిన చిక్కు కూడా అదే.

ఆ ఊళ్లో విద్యానిధి అనే గురువుగారు పాఠశాల నడిపేవారు. రాజోద్యోగుల పిల్లలూ, వర్తకుల పిల్లలూ ఆయన దగ్గరే చదివేవారు. కమ్మరి వీధి నుంచి వచ్చి చదివే పిల్ల మాత్రం ఒక్కతే. దాని పేరు సూరాంబ. తండ్రి పోతోజు కొలిమి పని చేసేవాడు. నాయనమ్మ ఓబక్క ఆ వయసులోనూ కొలిమి ముందు కూర్చుని, నిప్పుకు గాలి కొట్టే తోలు తిత్తి ఊదేది.

సూరాంబ పొద్దున్నే కొలిమిలో బొగ్గులు సర్ది, చేతులు కడుక్కుని, తాటాకులు చంకన పెట్టుకుని బడికి వెళ్లేది. ఎంత తోమినా గోళ్ల చివర మసి పోయేది కాదు.

"ఏమే, ఆ మసి కడుక్కోవా?" అని ఎవరైనా అంటే, "అది మా ఇంటిపేరు. కడిగితే పోతుందా?" అనేది. అని తలెత్తుకుని వెళ్లి ముందు వరసలో కూర్చునేది.

చదువు పూర్తయ్యే ఏడు విజయదశమినాడు విద్యార్థులు రాజసభలో తాము నేర్చింది వినిపించడం ఆ ఊరి ఆనవాయితీ. దసరాలు దగ్గర పడుతుండగా గురువుగారు శిష్యులను కూర్చోబెట్టి ఇలా అన్నారు.

"ఈసారి మీలో ప్రతి ఒక్కరూ ఒక వంశ చరిత్ర చెప్పాలి. ఈ ఊళ్లో ఏ వంశం గొప్పదని మీకు తోస్తే దాన్ని ఎంచుకోండి. అయితే చెప్పినదానికి సాక్ష్యం చూపాలి. సాక్ష్యం లేని గొప్ప నా బడిలో చెల్లదు."

సేనాపతి కొడుకు రుద్రనాయకుడు వెంటనే లేచాడు. "నాది రాజవంశం గురువుగారూ!" అన్నాడు. ఇంకెవరూ దాని జోలికి రాకుండా చుట్టూ ఒక చూపు కూడా చూశాడు.

వర్తకుడి కొడుకు తమ శెట్ల వంశం అన్నాడు. పురోహితుడి కొడుకు తమ తాతల వంశం అన్నాడు. సూరాంబ వంతు వచ్చింది.

"నాది పెద్దక్క వంశం," అంది.

"పెద్దక్క ఎవరమ్మా?" అని అడిగారు గురువుగారు.

"మా కొలిమిలో సుత్తి అండీ."

బడి అంతా గొల్లుమంది. రుద్రనాయకుడు పొట్ట పట్టుకున్నాడు. "సుత్తికి వంశమా! దాని పెళ్లి ఎవరితో అయింది? పట్టకారుతోనా?"

"అవును. నిన్ను పిలవడం మరిచిపోయినట్టున్నారు," అంది సూరాంబ.

గురువుగారు మాత్రం నవ్వలేదు. "నవ్వు సాక్ష్యం కాదు నాయనా. నీ సాక్ష్యం నువ్వు తెచ్చుకో, ఆ పిల్ల సాక్ష్యం ఆ పిల్ల తెచ్చుకుంటుంది," అన్నారు.

ఆ సాయంత్రం సూరాంబ నాయనమ్మ పక్కన చేరింది.

"నాయనమ్మా, పెద్దక్క ఎవరికి పుట్టింది?"

ఓబక్క తిత్తి ఊదడం ఆపేసింది. "ఇన్నేళ్లకు అడగాలనిపించిందే నీకు!" అని మురిసిపోయింది. తరవాత మెల్లగా చెప్పింది.

"ఈ వీధి పుట్టిన కొత్తలో ఒకే ఒక్క సుత్తి ఉండేదట. దాని పేరే పెద్దక్క. అది అరిగి అరిగి పనికి చాలనంత చిన్నదైపోతే మన పెద్దలు పారేయలేదే పిల్లా. దాన్ని కాల్చి, కొత్త ఇనుములో కలిపి, ఇంకో సుత్తి చేశారు. ఆ పేరే దానికీ పెట్టారు. ఆనాటి నుంచి ఈ ఊళ్లో ఏ పనిముట్టు చేసినా పాతదాని ఇనుము చిటికెడైనా కలపాల్సిందే. కలిపాక తామరమొగ్గ ముద్ర వేయాల్సిందే. పసుపునీళ్లు చల్లి పేరు పెట్టాల్సిందే."

"అన్నింటికీనా?"

"ఉలికీ, గొడ్డలికీ, కొడవలికీ, నాగటి కర్రుకీ, అన్నింటికీ. అన్నీ పెద్దక్క పిల్లలే." ఓబక్క కొలిమిలో నిప్పు ఎగదోసింది. "ఒక్కసారి మాత్రం పెద్దక్కను సగానికి నరికి ఇచ్చేశారట. ఊరి మీద దోపిడీదొంగలు పడ్డారు. అప్పుడు ఒక బాటసారి, చేతిలో ఏమీ లేనివాడు, 'నాకొక కత్తి చేసివ్వండి, నేను అడ్డుకుంటాను' అన్నాడట. ఊళ్లో ఇనుము లేదు. సుత్తినే కాల్చి కత్తి చేసిచ్చారు. వాడెవడో, తరవాత ఏమయ్యాడో నాకు తెలీదు."

మర్నాడు సూరాంబ వడ్రంగి సింగోజు ఇంటికి వెళ్లింది. "మామా, నీ బాడిస ఒకసారి చూపించవా?" అంది.

సింగోజు కర్ర చెక్కే ఆ బాడిస తీసి దాని పిడి చూపించాడు. పిడి మీద ఒకచోట నున్నటి గుంట ఉంది. "ఇది మా తాత బొటనవేలు పడ్డ చోటు. మా నాన్నా అక్కడే వేలు పెట్టాడు. నేనూ అక్కడే పెడతాను. నా వేలు కాస్త లావు, అందుకని ఇంకాస్త అరిగింది. మీ పెద్దక్కకు పిడి చెక్కింది ఈ బాడిసే, తెలుసా?"

సూరాంబ తన బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూసింది. వేలు చిన్నది, గుంట పెద్దది. అయినా ఎవరో పెద్దవాళ్లు తన చెయ్యి పట్టుకున్నట్టు అనిపించింది. బాడిస మెడ దగ్గర తామరమొగ్గ చిన్నగా మెరిసింది.

అక్కణ్నుంచి చెప్పులు కుట్టే ఎల్లన్న తాత దగ్గరకు వెళ్లింది. ఆయన చేతిలో తోలుకు చిల్లు పొడిచే ఆరె ఉంది. అది వేలెడంత ఉంది.

"మీ తిత్తి కుట్టింది దీంతోనే," అన్నాడు ఎల్లన్న గర్వంగా. "ఇది లేకపోతే మీ పెద్దక్క చల్లటి ఇనుము మీద ఎగిరెగిరి పడాల్సిందే. మొదట ఇది జానెడు ఉండేది మనవరాలా."

"మరి మిగతాదంతా ఎటు పోయింది తాతా?"

"ఎటు పోతుంది? చెప్పుల్లో ఉంది, తిత్తుల్లో ఉంది, బావుల మీద నీళ్లు తోడే మోటల్లో ఉంది. ఊరంతా తిరుగుతోంది!"

ఇంటికి వస్తూ సూరాంబ ఆలోచనలో పడింది. సుత్తి లేనిదే బాడిస లేదు. బాడిస లేనిదే సుత్తికి పిడి లేదు. ఆరె లేనిదే తిత్తి లేదు. తిత్తి ఊదనిదే ఆరె లేదు. ఇందులో ఎవరు ముందు, ఎవరు వెనక? ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏనాటి నుంచో నడిచి వస్తున్నారు. రాజుల పేర్లు తాటాకుల మీద రాసి దాచుకోవాలి. వీళ్ల పేర్లు ఊరి ప్రతి గడప మీదా, ప్రతి నాగలి మీదా, ప్రతి అడుగు మీదా ఉన్నాయి.

అప్పుడు తన చేతిలోని గంటం వైపు చూసుకుంది. అదే, తాటాకు మీద అక్షరాలు గీసే ఇనుప ముల్లు. దాని చివర కూడా చిన్న తామరమొగ్గ. ఇన్నాళ్లూ తాను రాసిన ప్రతి అక్షరం పెద్దక్క మనవరాలు రాసిందే. సూరాంబకు గుండె నిండిపోయింది. దారిలో ఎదురైన ప్రతి గునపానికీ నమస్కారం పెట్టాలనిపించింది.

ఇది ఇలా ఉండగా కోటలో ఇంకో కథ నడుస్తోంది. రాజు ఆ ఏడే పొరుగురాజును గెలిచి వచ్చాడు. ఆ గెలుపు ఊరికే పోకూడదనిపించింది. సేనాపతి భైరవనాయకుడు ఒక ఉపాయం చెప్పాడు.

"మహారాజా, కోట గుమ్మం ముందు గోపురమంత కత్తి నిలబెడదాం. జయఖడ్గం! వెయ్యేళ్లు తమ పేరు చెప్పుకుంటారు."

"అంత ఇనుము ఎక్కడిది?"

"ఊళ్లో పాత పనిముట్లు ఎన్ని లేవు ప్రభూ! అరిగిపోయిన సుత్తులు, వంగిపోయిన కొడవళ్లు. అవి పోతే కొత్తవి చేసుకుంటారు. వాళ్ల పనే అది కదా."

రాజుకు నచ్చింది. నిండుసభలో లేచి నిలబడి, "పసుపుకోటలో ఉన్న పాత ఇనుప పనిముట్లన్నీ, ఒక్కటీ మిగలకుండా, కరిగించి జయఖడ్గం చేయించండి. ఇది నా మాట," అన్నాడు. రాజు మాట అన్నాడంటే అన్నట్టే.

ఊరివాళ్లు పనిముట్లు అంత తేలిగ్గా ఇవ్వరని సేనాపతికి తెలుసు. ఆయనకు ఊరి ఆచారం కూడా తెలుసు. మహర్నవమినాడు పనివాళ్లందరూ తమ పనిముట్లను కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, కమ్మరి వీధి చివర పందిట్లో ఒక్కచోట పేరుస్తారు. ఏడాదంతా కష్టపడ్డ పనిముట్లు ఆ ఒక్కరోజు పడుకుంటాయి. దశమినాడు ఉద్వాసన చెప్పేదాకా వాటి మీద ఎవరూ చెయ్యి వేయరు. ఈ ఊరివాళ్లు పులి ఎదురొచ్చినా ఆనాడు గొడ్డలి ఎత్తరని పేరు.

సరిగ్గా ఆ రోజే సైనికులు బండ్లు తోలుకుని వచ్చారు.

పందిరి చుట్టూ ఊరంతా నిలబడిపోయింది. చెయ్యి వేస్తే పూజ చెడుతుంది. వేయకపోతే బతుకు చెడుతుంది. వరి పొట్ట విప్పింది, నెల తిరిగితే కోతలు. కొడవళ్లు లేకపోతే పంట చేలోనే రాలిపోతుంది. పోతోజు పిడికిళ్లు బిగించాడు, సింగోజు పళ్లు కొరికాడు, కానీ ఎవరూ ఒక్క అడుగు ముందుకు వేయలేదు. సైనికులు బుట్టలకొద్దీ ఎత్తి బండ్లలో విసిరేస్తున్నారు.

ఓబక్క ఒక్కతే మాట్లాడింది. "నాయనలారా, నిద్రపోతున్న బిడ్డలను ఎత్తుకుపోతున్నారు. కాస్త మెల్లగా ఎత్తండి."

ఒక సైనికుడు తలవంచుకున్నాడు. బండ్లు మాత్రం వెళ్లిపోయాయి.

ఆ పూట కమ్మరి వీధిలో పొయ్యి వెలగలేదు. పోతోజు కూతురి పక్కన కూర్చున్నాడు. "రేపు సభలో మాట్లాడాలి కదమ్మా. మా కోసం ఏడవకు. ఏడవడానికి ఊరంతా ఉంది. నువ్వు వంశం చెప్పు, చాలు," అన్నాడు.

తెల్లారింది. విజయదశమి. కోట ముంగిట సభ తీర్చారు. ఒక పక్క సింహాసనం, ఇంకో పక్క పెద్ద కొలిమి, మధ్యలో బండ్లు. కమ్మరి వీధివాళ్లనే పిలిపించి, వాళ్ల పనిముట్లను వాళ్ల చేతనే కరిగించమన్నారు. అంతకంటే కష్టం ఇంకేముంటుంది చెప్పండి?

ముందు రుద్రనాయకుడు లేచి రాజవంశం చెప్పాడు. బాగానే చెప్పాడు, కాదనకూడదు. "ఆదిభూపాలుడు ఒంటరి బాటసారిగా, ఉత్తచేతులతో ఈ ఊరికి వచ్చాడు. ఊరిని దోపిడీదొంగలు చుట్టుముట్టగా భూదేవి ఆయనకు ఒక ఖడ్గం ప్రసాదించింది. ఆ ఖడ్గంతో ఊరిని కాపాడి ఆయన రాజైనాడు," అన్నాడు.

"సాక్ష్యం?" అన్నారు గురువుగారు.

రుద్రనాయకుడు సింహాసనం పక్కన పట్టుగుడ్డ మీదున్న పాతకాలపు కత్తిని చూపించాడు. "అదిగో వంశఖడ్గం!" సభ చప్పట్లు కొట్టింది. రాజు మీసం దువ్వుకున్నాడు.

సూరాంబ మాత్రం ఉలిక్కిపడింది. ఉత్తచేతుల బాటసారి. దోపిడీదొంగలు. నాయనమ్మ మాట చెవుల్లో మోగింది. లేచి నమస్కరించింది.

"మహారాజా, నేను పెద్దక్క వంశం చెప్పాలి. నా సాక్ష్యాలన్నీ ఆ బండ్లలో ఉన్నాయి. ముందు తమ పని కానివ్వండి. నేను పక్కన నిలబడి, ఏది పోతుంటే దాని వంశం చెబుతాను. అయితే ఒక్క మనవి. తమ మాట 'ఒక్కటీ మిగలకుండా' అనే కదా?"

"అవును. నా మాటకు తిరుగులేదు."

"అయితే ఒక్కటీ మిగలకుండా నేను కనిపెట్టుకుని ఉంటాను," అంది సూరాంబ.

ఓబక్క తిత్తి ఊదింది. కొలిమి ఎర్రబడింది. పోతోజు బండిలోంచి పట్టకారు తీశాడు.

"నాన్నా, ఆగు," అంది సూరాంబ. "అది పాతదే కదా? అదీ కరగాలి కదా?"

"దాన్ని చివర్లో కరిగించండి!" అన్నాడు సేనాపతి.

"అలాగే సేనాపతిగారూ. చివర్లో దాన్ని నిప్పుల్లో దేనితో పట్టుకోమంటారు?"

సేనాపతి విసుక్కున్నాడు. "కొత్త పట్టకారు చేసుకోండి!"

"చేస్తాం. కానీ కొత్త పనిముట్టులో పాత ఇనుము కలపందే మా వీధిలో కొలిమి వెలిగించరు. కలిస్తే అదీ పాతదే. ఇదిగో ముద్ర." తామరమొగ్గను అందరికీ చూపించింది. "ఈ ఊళ్లో కొత్త పనిముట్టు అనేదే లేదండీ. అన్నీ పెద్దక్క అంత వయసువే."

రాజు గడ్డం గీక్కున్నాడు. "ఆ పట్టకారు ఒక్కదాన్నీ పక్కన పెట్టండి," అన్నాడు. రాజుగారి మాట మొదటిసారి కాస్త వంగింది.

మళ్లీ పని మొదలైంది. ఇంతలో తిత్తి ఉస్సుమంది. నిన్న పనిముట్లతో పాటు బండిలో విసిరేసినప్పుడు దాని తోలు చిరిగింది. గాలి లేదు, మంట పడిపోయింది. ఎల్లన్న తాతను పిలిచారు. ఆయన తిత్తిని తిప్పి చూసి, "కుడతాను ప్రభూ. నా ఆరె ఇప్పించండి. అదిగో ఆ బండి అడుగున ఎక్కడో ఉంది," అన్నాడు.

"అదీ పాతదే తాతా," అంది సూరాంబ.

"పాతదే మనవరాలా. కొత్తదాంతో కుట్టడం నాకు చేతకాదు, ఎందుకంటే కొత్తది లేదు."

ఊరివాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు, "ఆ ఆరె కూడా పక్కన పెట్టండి," అన్నాడు, ఈసారి కాస్త మెల్లగా.

మంట లేచింది. పోతోజు పెద్దక్కను ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. పటుక్కున పిడి విరిగింది. అది కూడా బండి దెబ్బే. సింగోజు అడగకుండానే ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాడిస కావాలా?" అన్నాడు రాజు.

"కావాలి మహారాజా. కర్ర కొట్టడానికి గొడ్డలి కూడా."

"బొగ్గుకూ గొడ్డలే కావాలి!" అని జనంలోంచి ఒక గొంతు అరిచింది.

"ఖడ్గం చేసినన్నాళ్లూ పనిచేసేవాళ్లకు కూడు కావద్దా? కొడవళ్లు పక్కన పెట్టండి!" అంది ఒక ఆడమనిషి.

"కూడు కావాలంటే దున్నొద్దా? నాగటి కర్రులు!"

"నీళ్లు తాగొద్దా? బావి తవ్వే గునపాలు!"

ఇంక ఆగలేదు. ఒక్కొక్కటీ బండి దిగుతోంది. సైనికులే దింపుతున్నారు. నిన్న తలవంచుకున్న సైనికుడు, 'మా ఇంట్లోదీ కొడవలే' అని గొణుక్కుంటూ అందరికంటే చురుగ్గా దింపాడు. చూస్తుండగానే బండ్లు ఖాళీ అయ్యాయి. పక్కన పెట్టిన పోగు కొండలా పెరిగింది.

రాజు లేచి ఖాళీ బండ్లలోకి తొంగిచూశాడు. "మరి కరిగించడానికి ఏం మిగిలింది?"

"ఏ పనికీ అక్కరలేనిది ఒక్కటే మిగిలింది మహారాజా," అంది సూరాంబ.

"ఏమిటది?"

"ఇంకా పుట్టని జయఖడ్గం."

సేనాపతి చెయ్యి తన కత్తి పిడి మీదకు వెళ్లింది. రాజు ముఖం ఎర్రబడింది.

"అమ్మాయీ, మా వంశంలో మాట తప్పినవాడు లేడు. నువ్వు ఒక సుత్తి కోసం నా చేత మాట తప్పించాలని చూస్తున్నావు. అది జరగదు. ఎలాగైనా సరే, అన్నీ కరుగుతాయి."

"సుత్తి కోసం కాదు మహారాజా, వంశం కోసం. నా సాక్ష్యం ఇంకా పూర్తికాలేదు. వంశఖడ్గం పిడి ఊడదీయించండి. పిడి కింద తామరమొగ్గ ఉంటుంది."

సభలో గోల లేచింది. "ఎంత మాట!" అన్నాడు సేనాపతి. రాజు చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు.

"లేకపోతే?"

సూరాంబ ఒక్కసారి నాయనమ్మ వైపు చూసింది. ఆ ముద్రను తను చూడలేదు. నాయనమ్మా చూడలేదు. ఉన్నది పెద్దల మాట ఒక్కటే. నడుములోంచి తన గంటం తీసి కొలిమి గట్టు మీద పెట్టింది.

"లేకపోతే ముందుగా నా గంటమే నిప్పుల్లో వేయండి. నా చదువు ఇక్కడితో ముగిసినట్టే. ఆ తరవాత పనిముట్లన్నీ మా వీధివాళ్లే ఉత్తచేతులతో నిప్పుల్లోకి తోస్తారు, ఒక్కటీ మిగలకుండా."

గురువుగారు కళ్లు మూసుకున్నారు. పోతోజు పెదవి కొరుక్కున్నాడు. ఓబక్క మాత్రం నిటారుగా కూర్చుని, "తీయించండి," అంది.

పిడి తీయాలంటే ఉలి కావాలి, సుత్తి కావాలి. రెండూ ఆ పోగులోంచే తెచ్చారు. సింగోజు అప్పటికప్పుడు పెద్దక్కకు కొత్త పిడి చెక్కి బిగించాడు. పోతోజు ఉలి ఆనించి, పెద్దక్కతో మెల్లగా తట్టాడు. పాతకాలపు మేకు బయటికి వచ్చింది. బంగారు పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

లోపల నల్లటి ఇనుము. దాని మీద తామరమొగ్గ.

రాజు దగ్గరకు వచ్చి ఆ ముద్రను వేలితో తడిమాడు. పక్కనే ఉన్న కొడవలి తీసి దాని ముద్రనూ తడిమాడు. రెండూ ఒకటే.

"మహారాజా," అంది సూరాంబ. "ఊరిని కాపాడడానికి ఒక బాటసారికి మా పెద్దలు తమ ఒక్కగానొక్క సుత్తిని సగానికి నరికి ఇచ్చారు. తమ వంశం ఆ సగంతో మొదలైంది. మా వీధి మిగిలిన సగంతో బతికింది. తమ ఇంటి ఖడ్గం మా ఇంటి సుత్తికి కూతురు. ఒక్కటీ మిగలకుండా అన్నారు కదా, ఇప్పుడు దీన్నీ కరిగించమంటారా?"

రాజు ఆ పిడి లేని కత్తిని చేతుల్లోకి తీసుకున్నాడు. "కరిగిస్తే వంశం పోతుంది. కరిగించకపోతే మాట పోతుంది," అన్నాడు చివరికి. ఆ మాట ఎంతో అలసటగా అన్నాడు.

"ఇనుము వంకర పోతే మా నాన్న పారేయడు మహారాజా. మళ్లీ కాల్చి తిన్నగా చేస్తాడు. మాటకు మాత్రం అలాంటి కొలిమి ఉండదా?"

రాజు ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. తరవాత గోళ్ల చివరి మసిని చూశాడు. చూసి, నెమ్మదిగా నవ్వాడు.

"ఉంటుంది. ఇంత వేడిగా ఉంటుందని తెలియదు," అన్నాడు. సభవైపు తిరిగి గొంతు పెంచాడు. "నా మాట వంకర పోయింది. ఇప్పుడు తిన్నగా చేస్తున్నాను. తామరమొగ్గ ముద్ర ఉన్న ఏ పనిముట్టునూ ఈ రాజ్యంలో రాజైనా సరే తాకరాదు, మొక్కడానికి తప్ప. ఇది నా మాట."

కోట గోడలు అదిరేలా ఊరంతా ఒక్క కేక పెట్టింది.

రాజు ఓబక్క ముందుకు వెళ్లి తలవంచాడు. "అవ్వా, మీ ఇంటి ఇనుముతో మా ఇల్లు నిలబడింది."

"నిలబడితే చాలు నాయనా," అంది ఓబక్క. "ముందు ఆ పిడి బిగించుకో. ఉత్త కత్తి పట్టుకుంటే చెయ్యి తెగుతుంది. బిగించాక పెద్దక్కను ఇటివ్వు, నిన్నటి పూజకు ఉద్వాసన చెప్పాలి."

ఆ రోజు ఉద్వాసన రాజే స్వయంగా చెప్పాడు. ఒక్కొక్క పనిముట్టుకూ తన చేత్తో బొట్టు పెట్టి, దాని యజమాని చేతిలో పెట్టాడు. ఎల్లన్న ఆరె దొరకడానికి చాలాసేపు పట్టింది, అంత చిన్నది మరి. రాజు బండి కింద మోకాళ్ల మీద కూర్చుని వెతికి ఇచ్చాడు. సేనాపతి కూడా వెతికాడు, వెతక్క చస్తాడా!

నెల తిరగగానే పంట చక్కగా ఇంటికి చేరింది. రుద్రనాయకుడు ఒకనాడు కొలిమి దగ్గరకు వచ్చి గుమ్మంలో తచ్చాడుతూ, "తిత్తి ఊదడం నేర్పుతారా?" అని అడిగాడు. "పెళ్లికి పిలవలేదని కోపం పోయిందా?" అంది సూరాంబ. ఇద్దరూ నవ్వుకున్నారు. పాపం, మొదటిరోజే ముఖం నిండా మసి చేసుకుని వెళ్లాడు.

ఆ ఏటి నుంచి ప్రతి మహర్నవమికీ వంశఖడ్గం పల్లకి ఎక్కి కమ్మరి వీధికి వచ్చేది. పుట్టింటికి వచ్చిన కూతురిలా పెద్దక్క పక్కన, అవే పసుపుకుంకుమలతో ఆ ఒక్కరోజు పడుకునేది. సూరాంబ పెద్దదై విద్యానిధిగారి బడిలోనే పాఠాలు చెప్పింది. ఆమె గంటం రాసి రాసి మొండి అయ్యాక, దాని ఇనుము కలిపి ఆమె శిష్యులకు కొత్త గంటాలు చేశారు. ఆ శిష్యులు తమ గోళ్ల మసిని ఎవరికీ దాచలేదు.

కథ కొలిమిగట్టున చల్లారింది, మనకు మిగిలిన మాట ఇది: పనిచేసే చేతికీ, ఆ చేతిలో అరిగిన పనిముట్టుకీ తలవంచిన రాజ్యమే తలెత్తుకుని నిలుస్తుంది.